చెంప కింది బంగారం

అలంకారాన్ని ఒలిచేస్తే మిగిలేదే అసలు అందమని మొట్టమొదట తేల్చిన పెద్దమనిషి, అలా తేల్చడానికి ముందు దేన్ని ఒలిచి చూశాడు?

సియెనా నగరంలోని ఆ సన్యాసినుల మఠంలో అడుగుపెట్టిన క్షణం నుంచి నిక్కొలోజాకు కాలు నిలవడం లేదు. చర్చి పీఠం మీది నుంచి దించిన కన్య మరియ చిత్రపలకను గోడకు ఆనించి ఉంచారు. నలభై ఏళ్ల కిందట దానికి బంగారు రేకు పరిచినవి ఆమె చేతులే. మరియ తల చుట్టూ ఉన్న కాంతివలయంలో ఒక్కొక్క చుక్కనూ ముద్రతో కొట్టినదీ ఆమే. బొమ్మ రాసిన భర్త ఏనాడో పోయాడు. ఆమె పనితనానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఈ పలక ఒక్కటే. ఇప్పుడు మఠానికి డబ్బిచ్చే ఒక దాత కోరాడని ఆ బంగారాన్ని గీకేసి, ఆ చోట నీలాకాశమూ కొండలూ రాస్తారట. గీకడానికి ఆమెనే పిలిపించారు.

పలక దగ్గరికి వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది.

"కాసేపు కూర్చోవమ్మా, కాళ్లు అరిగిపోతాయి," అన్నాడు వన్నొచ్చో. ఫ్లారెన్సులో ఆరేళ్లు పని నేర్చుకుని, ఈమధ్యే తిరిగివచ్చిన చిత్రకారుడతను.

"అరిగితే నా కాళ్లే కదా నాయనా. నీ నాలుకలా ఊరిమీద పడవులే."

మఠం పెద్ద సిస్టర్ ఒర్సొలా నవ్వు దాచుకోవడానికి జపమాల సర్దుకుంది. "ఎందుకు తీసెయ్యాలంటున్నావో ఆమెకీ చెప్పు, వన్నొచ్చో."

"చాలా తేలికండీ అమ్మగారూ. అందం అనేది వస్తువులో పుట్టుకతోనే ఉంటుంది. అలంకారం బయటినుంచి తెచ్చి అంటించేది. ఫ్లారెన్సు పండితులందరిదీ ఇదే మాట. ముఖానికి పూసుకునే తెల్లపూత లాంటిదన్నమాట. కడిగితే అసలు ముఖం బయటపడుతుంది. మరియమ్మకి ఈ తళుకులెందుకు చెప్పండి?"

"మరి నీకెందుకూ?" నిక్కొలోజా అతని చొక్కా చేతులకు బారుగా కుట్టిన వెండి గుండీలను వేలితో చూపింది. "నువ్వూ పుట్టుకతోనే అందగాడివని మీ అమ్మ చెప్పేదిగా. పీకి పారెయ్."

ఒర్సొలా ఈసారి నవ్వు దాచుకోలేదు. వన్నొచ్చో చెవులు ఎర్రబడ్డాయి.

"సరసాలు చాలు గానీ, నువ్వు గీకుతావా, నన్ను గీకమంటావా?"

"ఎవరు గీకినా చెంప ఊడుతుంది."

"చెంపెందుకు ఊడుతుంది? బంగారం ముఖం చుట్టూ ఉంది గానీ, ముఖంలో లేదే!"

నిక్కొలోజాకు అప్పుడు అర్థమైంది. అతను, అసలు రేకు వాడకుండా బంగారాన్ని సైతం పసుపు రంగుతో రాసి మెప్పించడమే గొప్పతనమనుకునే చోట నేర్చుకున్నాడు. పరిచిన రేకు మీద కుంచె పెట్టవలసిన అవసరం అతనికి ఎన్నడూ కలగలేదు.

"ముందు పరిచేది బంగారం, నాయనా. ఎర్రమట్టి పూత, దానిమీద రేకు, ఆపైన కుక్కపన్నుతో రుద్ది మెరుగు. అవన్నీ అయ్యాకే రంగు. ముఖం అంచు బంగారం మీదికి ఎక్కి కూర్చుంటుంది. మీ పండితులు తలకిందులుగా చూశారు. ఇక్కడ తెచ్చి అంటించింది ముఖాన్ని!"

"వయసు మీదపడితే ప్రతి పనికీ ఓ కథ పుడుతుంది," అంటూ అతను కత్తి తీశాడు. ఆమె అడ్డుపడేలోగా దవడ పక్కన ఒక్క గీటు గీశాడు.

రేకుతోపాటు రంగూ లేచింది. గోరంత గులాబిరంగు పెచ్చు రాతినేల మీద రాలింది. అది ఉన్నచోట, మరియ దవడలో, ఎర్రమట్టి బయటపడింది.

ఒర్సొలా చెయ్యి చాచింది. అతను కత్తిని ఆమె చేతిలో పెట్టాడు.

"ఆకాశం కావాలన్న దాతకి వేరే పలక మీద రాసివ్వు. ఇది ఇలాగే ఉంటుంది," అందామె. "నిక్కొలోజా, ఆ దెబ్బ మాత్రం నువ్వు పూడ్చు."

నిక్కొలోజా వేళ్లు అప్పటికే సంచిలో రేకుల పొట్లం కోసం తడుముతున్నాయి. లోపం కనిపిస్తే ఊరుకోవడం ఆ వేళ్లు ఎన్నడూ ఎరుగవు. వాటిని బలవంతాన బయటికి లాగి, పిడికిళ్లు బిగించింది.

"పూడ్చనమ్మగారూ. పూడిస్తే ఈ గాటు ఎవరికీ కనబడదు, రేపు ఇంకో మేస్త్రీ ఇంకో కత్తి పట్టుకొస్తాడు."

మఠం గుమ్మం దాటాక కూడా ఆ పిడికిళ్లు వదులు కాలేదు. గోరంత గాయం పలక మీద అలాగే ఉండిపోయింది.

ఇక మీ సంగతి. పైమెరుగే కదా అని మీరు గీకి పారేసినవి లేకపోలేదు. వాటిలో ఒక్కదాని పేరు చెప్పండి. దానితోపాటు ఎవరి చెంప ఊడివచ్చిందో, అది కూడా చెప్పండి.