అడుగున ఉన్న చిన్న అక్షరాలు

కాలేజీ లైబ్రరీ మెట్ల మీద మధ్యాహ్నం పూట ఓ తండ్రీ కూతురూ కూర్చుని ఉండేవారు. తండ్రి పైకి చదివేవాడు, కూతురు వినేది. వచ్చేపోయేవాళ్ళు చూసి "ఎంత ముచ్చటగా ఉన్నారో!" అనుకుంటూ వెళ్ళిపోయేవారు. ముచ్చటపడటానికి మనందరం ముందుంటాం కదా! ఆ ఇద్దరూ ఎండలో ఆ మెట్ల మీద ఎందుకు కూర్చోవాలన్న ప్రశ్న మాత్రం ఒక్కరికీ తోచలేదు.

కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. ఎం.ఏ. చరిత్ర చదువుతోంది. లోపల హాల్లో పైకి చదవకూడదు. ఆ పెద్ద పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. ఇక మిగిలింది మెట్లే. తండ్రి బజార్లో టైలరు. రోజూ అన్నం తినగానే మిషను మీద గుడ్డ కప్పి, "ఇప్పుడే వస్తా" అని పక్క కొట్టులో చెప్పి వచ్చేసేవాడు. ఆ 'ఇప్పుడే' సాయంత్రమయ్యేది. బట్టలు అందక జనం తిట్టిపోసేవారు.

ఆయన చదివే తీరు వినాలి!

"ఈ రాజు కోట తాళాలు తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టాడటే అమ్మడూ! బుద్ధుందా వీడికి?"

"ముందు చదువు నాన్నా. తిట్లు తర్వాత."

"ఉండవే, మంచినీళ్ళు తాగనీ. ఈ రాజుల గోలతో గొంతెండిపోయింది."

కూతురు పకపకా నవ్వేది. అయితే ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. ఆమె రాసిన పరిశోధన వ్యాసాన్ని మాస్టారు రెండుసార్లు తిప్పి పంపారు. "రాయడం బాగుందమ్మా. కానీ ఆధారాలేవి? ఏ మాట ఎక్కడ దొరికిందో చెప్పొద్దూ? ఇదే ఆఖరుసారి" అన్నారు. ఈసారీ తిరిగొస్తే ఆమెకు ఏడాది పోయినట్టే.

"పుస్తకంలో ఆధారాలేమీ ఇవ్వలేదా నాన్నా?" అని అడిగితే, "ఒక్క ముక్క వదల్లేదే! ఉన్నదంతా చదివాగా" అన్నాడు టైలరు.

అప్పుడే ఆ కాలేజీకి కొత్త లైబ్రేరియన్ వచ్చింది. మొదటిరోజే మెట్ల దగ్గర ఆగింది.

"ఇక్కడ కూర్చున్నారేంటండీ? లోపలికి రండి."

"లోపల మాట వినపడకూడదట కదా మేడంగారూ!"

ఆరోజు నుంచి ఆమె ప్రిన్సిపాల్ గారిని నిలవనీయలేదు, కూర్చోనీయలేదు. చివరికి హాల్లో ఓ మూల కొత్త బల్ల వెలిసింది. దానిమీద పుస్తకం విప్పిపెడితే పైనున్న కెమెరా పేజీని ఫొటో తీస్తుంది. కంప్యూటరు ఆ అక్షరాలు గుర్తుపట్టి పైకి చదువుతుంది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి కాబట్టి పక్కవాళ్ళకి ఇబ్బంది లేదు. ఇంటికెళ్ళాక ఫోన్లో కూడా వినొచ్చు.

"అయితే మన ఉద్యోగం ఊడిందన్నమాట" అని నవ్వాడు టైలరు. నవ్వాడే గానీ మనసు చివుక్కుమంది.

ఆ బల్ల దగ్గర కూర్చున్న మొదటిరోజే కూతురు వింటూ వింటూ ఉలిక్కిపడింది.

"నాన్నా! ఈ పేజీ మొన్న చదివావు కదూ?"

"చదివానే. కోట తాళాల సంగతేగా?"

"అడుగున ఒకటి, రెండు అని అంకెలేసి ఏవో ఉన్నాయి. ఏ శాసనం, ఏ పుస్తకం, ఎన్నో పేజీ, అన్నీ చెబుతోంది!"

టైలరు నాలిక్కరుచుకున్నాడు. "ఆ చిన్నక్షరాలా? గుడ్డ తాను అంచున మిల్లు పేరు అచ్చేస్తారు చూడు, అలాంటివనుకున్నానే. అది కత్తిరించి పారేస్తాం కదా!"

లైబ్రేరియన్‌కి నవ్వాగలేదు. కూతురూ నవ్వింది. టైలరు మాత్రం పుస్తకం మీదికి వంగి ఆ చిన్నక్షరాలని వేలితో తడిమాడు. "నీ ఏడాదిని నా చేతులతో కత్తిరించి పారేసేవాణ్ణి కదే తల్లీ!"

కూతురు ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "నీ గొంతే లేకపోతే ఈ కాలేజీ గుమ్మం ఎక్కేదాన్నే కాదు నాన్నా. కానీ ఒకటి చెప్పనా? నీకు జ్వరమొస్తే నా చదువు ఆగిపోయేది. నువ్వు అలిసిపోయావని తెలిసి, మళ్ళీ చదవమని అడగలేకపోయేదాన్ని. ఇవాళ ఈ పేజీ ఎన్నిసార్లు విన్నానో! ఎవర్నీ బతిమాలలేదు."

ఆయనకి ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. తన ప్రేమకు లోటు లేదనుకున్నాడు, నిజంగానే లేదు. కానీ కూతురి చదువు తన తీరిక మీద, తన ఓపిక మీద వేలాడుతోందని ఇప్పుడే తెలిసింది. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆధారాలన్నీ చేర్చిన వ్యాసం ఈసారి తిరిగి రాలేదు. ఆ కబురు చెప్పడానికి తండ్రీ కూతురూ కలిసే లైబ్రరీకి వచ్చారు.

"ఇకమీదట కూడా అప్పుడప్పుడు నువ్వే చదవాలి నాన్నా. కంప్యూటరు రాజుల్ని తిట్టదు, చప్పగా ఉంది" అంది కూతురు.

టైలరు మురిసిపోయి, లైబ్రేరియన్‌కి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "మీ ఉపకారం మర్చిపోలేం మేడంగారూ."

ఆమె ఆయన చేతులు దించేసింది. "ఉపకారం మీరు చేశారండీ, ఇన్నాళ్ళూ మా పని మీరు చేసిపెట్టారు. నాన్న తోడొచ్చినా రాకపోయినా మీ అమ్మాయికి పుస్తకం అందాలి. అది ఆమె హక్కు. ఆ కొత్త యంత్రాన్ని తెచ్చింది అందుకే, నేనిక్కడ కూర్చున్నదీ అందుకే."