రుక్మాబాయి వేలిముద్ర కింద నా సంతకం

నీలా మేడం నల్లకోటు వేసుకుని మిర్యాలగూడ కోర్టుకు వచ్చిన మొదటిరోజు నుంచీ ఆమెకు గుమాస్తాను నేనే. తండా పిల్ల వకీలేమిటని నవ్వినవాళ్ల మొహాలు నాకింకా గుర్తే. తర్వాత వాళ్లే ఆమె ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చుని, జర లోపలికి పంపు సైదులూ అని నన్ను బతిమాలారు. రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచింది, ఒకసారి ఓడింది, ఇప్పుడు ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యురాలు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. పెరగనీ, ఎవడికేం నష్టం!

ఆమెకొక పట్టుదల ఉండేది. వేలిముద్ర వేసేవాళ్లకు కాగితం మొత్తం చదివి వినిపించాలి, తండావాళ్లకైతే లంబాడీలో. ఆ తర్వాతే సాక్షి సంతకం. మేడం వాళ్ల నాన్న మంగ్త్యా ఏముందో తెలియని కాగితం మీద వేలు పెట్టి చెలక భూమి పోగొట్టుకున్నాడు. "సదివి ఇనిపియ్యకుంటే మనం గూడ దొంగలమే అన్నా" అనేది. ఆమె కోసమే నేను లంబాడీ నేర్చుకున్నాను. ఆమె ఢిల్లీ వెళ్లాక లైసెన్స్ తీసుకుని, కోర్టు గేటు దగ్గర బల్ల వేసుకుని అర్జీలు రాస్తున్నాను.

మొన్న సూర్యాపేటలో కమిషన్ బహిరంగ విచారణ పెట్టింది. కోదాడ నుంచి, హాలియా నుంచి జనం వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందువరుసలో కూర్చున్నాను. వేదిక మీద మా మేడం! పక్కవాడు అడగకపోయినా చెప్పాను.

మూడో కేసు రుక్మాబాయిది. భర్త కిష్ట్యాను పోలీస్ స్టేషన్‌లో కొట్టి కాలు విరగ్గొట్టారని ఫిర్యాదు. పోలీసు అధికారి లేచి ఒక కాగితం చదివాడు. తన భర్త బండి మీద నుంచి పడ్డాడని, ఎవరి మీదా ఫిర్యాదు లేదని రుక్మాబాయి చెప్పినట్టు అందులో ఉంది. కింద ఆమె వేలిముద్ర. ఆ కాగితం నిలిస్తే కేసు ఖతం.

"బండి ఇడిపిచ్చే కాగితమన్నరు, ఏలు పెట్టిన. నాకు సదువు రాదమ్మా" అని రుక్మాబాయి ఏడ్చింది.

"సాక్షి సంతకం ఎవరిది?" అని మేడం అడిగింది.

నా పేరు చదివారు. లేచి నిలబడ్డాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంతకం పెట్టిన రోజు పేపర్లో మేడం ఫొటో పడింది. బల్ల చుట్టూ పదిమందిని పోగేసి ఆ వార్త గట్టిగా చదివి వినిపిస్తున్నాను. కానిస్టేబుల్ రుక్మాబాయిని తీసుకొచ్చి టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. వార్త మధ్యలో ఆపడం ఇష్టంలేక సంతకం గీకేశాను.

"మీ పేరు?" అంది మేడం. ఇరవయ్యేళ్లు నేను తెచ్చిన చాయ్ తాగిన మనిషి! ఒళ్లు మండిపోయింది.

"సైదులు."

"ఆమెకు చదివి వినిపించారా?"

వినిపించానంటే నా లైసెన్స్ దక్కుతుంది, కిష్ట్యా కాలు సంగతి ఎవరూ అడగరు. రుక్మాబాయి నా మొహం వైపే చూస్తోంది.

"లేదు మేడం."

"ఎందుకు?"

"మీ గురించి పేపర్ల పడ్డది సదువుతున్న మేడం."

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"ఈ సాక్షి నా దగ్గర ఇరవయ్యేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. అది కూడా రికార్డులో రాయండి. ఈ కాగితం చెల్లదు. కేసు మీద విచారణ జరగాలి. ఈయన లైసెన్స్ మీద చర్య తీసుకోమని జిల్లా కోర్టుకు రాయండి."

తర్వాత వేదిక దిగి వచ్చి, రుక్మాబాయి పక్కన కూర్చుని, కొత్త వాంగ్మూలం ఒక్కో మాటా లంబాడీలో చదివి వినిపించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుతో కొన్ని, మిగతావి ఎందుకో చెప్పక్కర్లేదు.

మిర్యాలగూడ బస్సులో పక్క సీటాయన ఫోన్లో ఆ విచారణే చూస్తున్నాడు.

"గీ మేడం నీకు ఎరుకనా పెద్దాయనా?" అన్నాడు.

"ఎరుకనా ఏంది?" అన్నాను, బస్సంతా వినబడేలా. "నా లైసెన్స్ పీకెయ్యమని రాసింది ఆమెనే!"