గోడ దాటిన సొరకాయ

రిటైరైన బస్సు డ్రైవర్ స్వామిదాసు పరువు పోయినేడాది కోతపండుగ నాడు ఒక గుమ్మడికాయ తీసేసింది. ఇంట్లో పండిన తొలిపంటను చర్చిలో బల్ల మీద పెట్టే పండుగ అది. ఈయన చేవెళ్ల మార్కెట్లో కొన్న కాయను పట్టుకొచ్చి, "మా పెరట్ల కాసింది" అన్నాడు. కాయ అడుగున సుద్దముక్కతో రాసిన తూకం, అదే సంఘంలోని ఎజ్రా కంట పడింది. చూసి ఊరుకుంటే ఎజ్రా ఎందుకవుతాడు? సంఘమంతా వినేలా చదివాడు.

అక్కడికక్కడే స్వామిదాసు శపథం చేశాడు. "వచ్చేయేడు నా చేతులతోని పండించిందే తెస్త. తేకుంటే మల్ల గీ మెట్టెక్క!"

నోరు జారడం తేలికే, నారు పోయడమే కష్టం. టమాటాలకు ఆకుముడత వచ్చింది. వంకాయల్లో పురుగు కాపురం పెట్టింది. బెండకాయల్ని కోతులు కొరికి, నచ్చక, ఆయన మీదికే విసిరాయి. యూట్యూబ్‌లో చూసి పులిసిన మజ్జిగ చల్లితే మొక్కలు కోలుకోలేదు గానీ, భార్య కరుణమ్మ రెండు రోజులు పెరటి తలుపు తెరవలేదు.

ఇక మిగిలింది సొరపాదు. ముచ్చటపడి పందిరి వేస్తే, పందిరిని వదిలేసి గోడెక్కింది. అన్నీ మగపూలే పూసీ పూసీ, చివరికి ఒకే ఒక్క పిందె నిలిచింది. అదీ గోడ అవతల, పక్కింటి నిర్మలమ్మ వైపు.

అడిగి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? రెండేళ్ల కింద నిర్మలమ్మ మునగకొమ్మ ఇటు వాలితే కాయలన్నీ తెంపుకుని, "ఎవరి దిక్కు వేలాడితే వాళ్లదే చెల్లె" అని తీర్పు చెప్పింది ఈ మహానుభావుడే.

పండుగ రేపనగా, శనివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, స్వామిదాసు స్టూలెక్కి తీగను మెల్లగా లాగసాగాడు. జానెడు ఇటు వచ్చింది. మూరెడు అటు పోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ పోయింది.

"ఏమయ్యా, తీగెకు పానమొచ్చిందా?" అంది స్టూలు పట్టుకున్న కరుణమ్మ.

"సప్పుడు చెయ్యకు. కాయ బరువున్నది" అంటూ పళ్లు బిగించి ఒక్క గుంజు గుంజాడు. ఫట్‌మంది. స్వామిదాసు వెళ్లి బెండమొక్కల్లో పడ్డాడు. చేతిలో తొడిమ వైపు సగం సొరకాయ, దానికి మూడు చిరిగిన ఆకులు.

గోడ మీంచి నిర్మలమ్మ తల లేచింది. ఇంతసేపూ అవతల నుంచి గుంజింది ఆవిడే. మిగతా సగం ఆవిడ చేతిలో ఉంది.

"మా దిక్కు వేలాడింది మాదే అన్నవ్ గదన్నా?"

"అన్నమాట నిజమే చెల్లె."

"మరి గుంజుతవేంది?"

స్వామిదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు కోతపండుగ. ఏడాదంత కష్టపడితే గిదొక్కటే కాసింది."

"జర ముందుగల్ల చెప్తే ఏం బోయె? కాయ మొత్తం ఇస్తుంటి గద!" అని నిర్మలమ్మ చాలా బాధపడింది. బాధపడుతూనే తన సగాన్ని పప్పులోకి పట్టుకుపోయింది.

ఆదివారం స్వామిదాసు పళ్లెంలో సగం కాయతో చర్చికి వెళ్లాడు. బల్ల మీద పెట్టబోయాడు.

"ఇదేంది స్వామిదాసూ, సగమే?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"మిగతది పక్కింట్ల ఉడుకుతున్నదయ్యగారూ."

చర్చి గొల్లుమంది. అప్పుడు ఎజ్రా లేచాడు. కళ్లద్దాలు పెట్టుకుని, కాయను అటూ ఇటూ తిప్పి, విరిగిన చోట వేలు పెట్టి మరీ చూశాడు.

"గిసొంటి కాయను మార్కెట్ల ఎవ్వడమ్మడు, ఎవ్వడు కొనడు" అన్నాడు ఎజ్రా. "ఇది ముమ్మాటికి సొంతపంటనే!"

స్వామిదాసు అక్కడే, అందరి ముందే, ఎజ్రాను వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.