జకరయ్యగారి ఆమెన్

రేపల్లెలో సుగుణమ్మ ఇంట్లో పొద్దుటి ప్రార్థనకు ఊళ్లో లేనివాళ్లు కూడా హాజరవుతారు. ప్రార్థన ముగిసేసరికి ఎవరెక్కడుంటే ఆ వైపు కిటికీలోంచి వాళ్ల "ఆమెన్" వచ్చేస్తుంది. అల్లుడు అంద్రెయ లారీ తోలుతాడు కాబట్టి అతని ఆమెన్ ఒక్కోసారి హారన్‌తో కలిసొస్తుంది. పక్కింటివాళ్లకూ ఇది మామూలే. "మీ అల్లుడు తెనాలి దాటినట్టున్నాడు పిన్నీ, ఎసరు పెట్టండి" అని గోడమీంచి కేకేస్తారు.

అందరికంటే గట్టి ఆమెన్ సుగుణమ్మ భర్త జకరయ్యది. మతిమరుపు ముదిరి ఇంటి దారి, పిల్లల పేర్లు, చివరికి కట్టుకున్న భార్యనూ మరిచిపోయాడు గానీ ఆ ఒక్క మాట మరవలేదు.

అలాంటి మనిషి కంటి డాక్టరుకు చూపించుకొని వస్తూ తెనాలి స్టేషన్లో తప్పిపోయాడు. సుగుణమ్మ మంచినీళ్లు కొనుక్కొని తిరిగేలోపు బెంచీ ఖాళీ. పోలీసులకు చెప్పారు, ప్లాట్‌ఫారాలన్నీ జల్లెడ పట్టారు. లాభం లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆమె మోకాళ్లూని, "ప్రభువా, ఆయన్ని ఎలాగైనా తీసుకురా" అని ఏడ్చింది. కిటికీలు కిమ్మనలేదు.

"ముందు స్తోత్రాలు చెప్పమ్మా" అంది కూతురు రిబ్కా. "నాన్న సంగతి తెలీదా? వట్టిగా అడుక్కుంటే ఏనాడన్నా ఆమెన్ అన్నాడా?"

"మనిషినే పోగొట్టుకున్నాక దేనికే స్తోత్రం?" అని కసిరింది సుగుణమ్మ. కానీ కూతురన్నది నిజమే. కళ్లు తుడుచుకొని మళ్లీ మొదలుపెట్టింది.

"ఉప్పెక్కువైన పులుసులన్నీ నోరెత్తకుండా తినే మొగుణ్ణిచ్చావు తండ్రీ, స్తోత్రం. ఆడపిల్ల పుట్టిందని వీధంతా బెల్లం పంచాడు, స్తోత్రం. నేనెవరో తెలియకపోయినా ఒక్కనాడూ నన్ను విసుక్కోలేదు, స్తోత్రం..."

"ఆమెన్!"

పడమటి కిటికీలోంచి వచ్చింది, వెనకాలే సముద్రపు హోరుతో సహా.

"బాపట్ల వైపు! తెనాలిలో వేరే రైలెక్కేశారండి మావయ్య. సూర్యలంక సముద్రం దగ్గరున్నారు!" అంటూ, మావయ్యను వెతకడానికి రాత్రే ఇంటికొచ్చిన అంద్రెయ లారీ తాళాలందుకున్నాడు. సుగుణమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

సూర్యలంక బస్టాపులో జకరయ్య ఎవరో కొనిపెట్టిన ఇడ్లీ తింటూ కనిపించాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వచ్చిన ఆడమనిషిని చూసి ఆయన మర్యాదగా పక్కకు జరిగాడు.

"కూర్చోమ్మా. ఎక్కడికెళ్లాలి?"

సుగుణమ్మ ఆయన పక్కనే కూర్చుంది.

"మీరెక్కడికెళ్తే అక్కడికేనండి."