ఆరి వెలిగే ట్యాబ్

కొత్త ట్యాబ్ ఇంటికొచ్చి వారం తిరక్కుండానే దానికి జబ్బు చేసింది. కూతురు చిలక ట్యాబ్‌లో పాఠం వింటూ ఉండగా తెర ఉన్నట్టుండి నల్లబడిపోయేది. కాసేపు అలాగే ఉండి, తనంతట తనే వెలిగి, టింగుమని ఒక కూత కూసేది. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ ఏ మీటా నొక్కలేదు. ఆ కూత వినపడిన ప్రతిసారీ పిల్ల విసుక్కునేది, తల్లికి మాత్రం గుండె గుభేలుమనేది.

ఆమెకు గుండె గుభేలుమనడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. తలుపు కిర్రుమన్నా చాలు, మెట్ల మీద బూట్ల చప్పుడైనా చాలు. మొగుడి దగ్గర్నుంచి పిల్లను తీసుకుని పారిపోయి వచ్చిన మనిషి. అంతకుముందొకసారి ఫిర్యాదు చేస్తే, పెద్దమనుషులు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, మళ్ళీ అతని వెంటే పంపించారు. వాళ్ళ పెద్దరికం మండిపోనూ, ఇంటికెళ్ళాక ఏం జరిగిందో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. రెండోసారి ఆమె ఎవరికీ చెప్పకుండా ఇల్లు దాటింది. అతను కనిపెడితే ఈసారి ప్రాణాలతో వదలడు, పిల్లనూ లాక్కుపోతాడు. కూర్చున్నా నిల్చున్నా ఆమెకు అదే భయం.

అందుకని ఆమె పడని జాగ్రత్త లేదు. పాత సిమ్‌కార్డు విరిచి కాలవలో పారేసింది. మ్యాపులూ బొమ్మలూ ఏవీ రాని మీటల ఫోను ఒకటి పట్టుకుంది. కన్నవాళ్ళకు కూడా ఎక్కడున్నదీ చెప్పలేదు. కూతురికి మాత్రం నాన్న పని మీద దూరం వెళ్ళాడని చెప్పింది. నోరు మూతపడదు కనుక దాన్ని అందరూ చిలక అంటారు. అంత చిన్నపిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకుంది తల్లి.

ఆమె పని హోటళ్ళ బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో. తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని ఇద్దరు మనుషులు ఇస్త్రీ చేసే వేడి రోలరు నోటికి అందించాలి. ఒకరు ముందు వదిలినా, ఒకరు వెనక వదిలినా దుప్పటి ముడతపడి బయటికొస్తుంది. ఆమెకు రెండో కొస పట్టేది పెద్దక్క. లాండ్రీలో అందరికంటే పాత మనిషి, అందరూ పెద్దక్కనే పిలుస్తారు. మేడ మీద తన గది పక్క గదిని వీళ్ళకు ఇప్పించింది కూడా ఆవిడే. బడి వదలగానే చిలక లాండ్రీకే వచ్చి, మడతల గదిలో తువ్వాళ్ళ గుట్ట మీద కూర్చుని ఇంటిపని చేసుకునేది. ఆ ఇంటిపనంతా ఇక ట్యాబ్‌లోనే అని బడివాళ్ళు తేల్చి చెప్పబట్టి, ట్యాబ్ కొనక తప్పలేదు.

జబ్బు మొదలైన దగ్గర్నుంచీ తలా ఒక వైద్యం చెప్పారు. ఛార్జరు మంచిది కాదేమో అన్నారు, మార్చి చూసింది. తొడుగు బిగుతై పక్క మీట నొక్కుకుంటోందేమో అన్నారు, తొడుగు ఊడదీసింది. మెమరీకార్డు తీసేసింది. లాండ్రీలో ఆవిరికి వేడెక్కిపోతోందని ఎవరో అంటే, కిటికీ పక్కన నీడలో పెట్టి మరీ వాడించింది. అయినా దానికి బుద్ధి రాలేదు. ఆరేది, వెలిగేది, టింగుమనేది.

"అక్కా, నాకెందుకో భయంగా ఉంది. లోపల ఎవరో ఉన్నట్టుంది," అంది ఒకరోజు దుప్పటి అందిస్తూ.

పెద్దక్క పగలబడి నవ్వింది. "ట్యాబ్ ఆరిపోయినా మీ ఆయనేనా? రేపు పాలు పొంగిపోయినా మీ ఆయనేనంటావు. మనిషన్నాక కాస్త ధైర్యం ఉండాలే పిల్లా. పోయి రిపేరు షాపులో చూపించు. ఈ పూటకి నీ కొస నేను ఇంకొకరితో పట్టిస్తాలే. చిలక నా దగ్గరుంటుంది."

పెద్దక్క నవ్వితే ఆమెకూ నవ్వొచ్చింది. నిజమే, ఇంత పిరికితనమైతే బతికేదెలా అని తనను తానే తిట్టుకుంది. ట్యాబ్‌ను సంచిలో పెట్టుకుని, తువ్వాళ్ళ గుట్ట మీదున్న కూతురికి చెయ్యి ఊపి, ఎండలోకి బయల్దేరింది. వచ్చిన దగ్గర్నుంచీ వెనక్కి తిరిగి చూసుకోకుండా వీధిలో నడిచింది ఆ ఒక్కరోజే.

రిపేరు షాపు బస్టాండు ఎదురు సందులో ఉంది. బోర్డు మీద ఫోన్ల ఆసుపత్రి అని రాయించుకున్నాడు కాబట్టి షాపతను ఊరందరికీ డాక్టరైపోయాడు. బల్ల నిండా పొట్టలు విప్పిన ఫోన్లు, చిన్న చిన్న స్క్రూలు, ఒక పాత కంప్యూటరు. ట్యాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కింద పడేశారా అమ్మా? నీళ్ళేమైనా పోశారా?"

"లేదన్నా. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటున్నాం."

"సరే, ముందు నెట్ తీసేస్తా. తర్వాత మనం వేసుకున్న యాప్‌లన్నిటినీ నిద్రపుచ్చి తెరుస్తా. అప్పుడూ ఆరిందంటే మిషన్‌లో లోపం. ఆరలేదంటే లోపలికొచ్చిన యాప్ ఏదో తిప్పలు పెడుతున్నట్టు."

అలా తెరిచి బల్ల మీద పెట్టి, తన వేరే పనులు చూసుకున్నాడు. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ తెర నల్లబడలేదు, కూతా లేదు. డాక్టరు గెలిచినట్టు ముఖం పెట్టి యాప్‌ల వరస తెరిచాడు.

"ఇదిగో దొరికింది దొంగ. పిల్లల భద్రత. ఇది మీరు వేసిందేనా?"

"కాదే."

"ఇది పిల్లలు ఎక్కడున్నారో తల్లిదండ్రులకు చూపించే యాప్. చుట్టుపక్కల మాటలు కూడా వినిపిస్తుంది. ఈ ట్యాబ్‌కి పడట్లేదు. మొదలైనప్పుడల్లా మిషన్‌ని పడేస్తోంది. పోయిందని మళ్ళీ ఎవరో వేస్తున్నారు, అది మళ్ళీ పడేస్తోంది. చూడండి, ఎన్నిసార్లు వేశారో!"

"ఎవరు వేస్తారన్నా? మా గదికి ఎవరూ రారు."

"రానక్కర్లేదమ్మా. మీ మెయిలూ పాస్‌వర్డూ తెలిస్తే చాలు, ఎక్కడో కూర్చుని ఇందులోకి పంపొచ్చు. మీ మెయిల్ ఇంకెవరి దగ్గరుంది?"

ఆమె ట్యాబ్‌ను బల్ల మీద బోర్లించింది.

ఆ ఇంట్లో అందరికీ ఒకటే మెయిల్. పెళ్ళైన కొత్తలో అతనే చేయించాడు, ఇద్దరి పేర్లూ కలిపి. మొగుడూ పెళ్ళాల మధ్య దాపరికాలేమిటి, ఒకటి చాలదా అన్నాడు. చుట్టాలందరూ ఎంత అన్యోన్యమో అని మురిసిపోయారు. ఆమె కూడా మురిసింది, దాచుకోవడమెందుకు. చిలక పుట్టాక పాస్‌వర్డు పిల్ల పుట్టినరోజుకి మారింది. ఆమెకు జన్మలో ఇంకో మెయిల్ లేదు, ఉండొచ్చని కూడా తోచలేదు. కొత్త ట్యాబ్ తెరిచిన రోజు అది మీ మెయిల్ చెప్పమని అడిగితే, పేరు అడిగినంత మామూలుగా వేళ్ళు వాటంతట అవే కొట్టేశాయి. సిమ్ము విరిచిన మనిషి, కన్నతల్లికి కూడా జాడ చెప్పని మనిషి, తన చేతులతో తనే అతనికి కబురు పెట్టింది.

"నా మెయిల్ మా పాప వాళ్ళ నాన్న దగ్గరుంది," అంది. "ఆయనకి తెలియకూడదని వచ్చేశామన్నా. చంపేస్తాడు."

డాక్టరు ముఖంలో హుషారంతా పోయింది. చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "భయపడకండి, ఆర్పేసి మొత్తం చెరిపేస్తా."

"ఆగన్నా." ఆమెకు అప్పుడే ఒక సంగతి తట్టింది. "ఒకటే మెయిల్ కదా. నేనెక్కడున్నానో ఆయనకి కనపడితే, ఆయనెక్కడున్నాడో నాకు కనపడదా?"

అతను ఆమె వంక ఒకసారి చూసి, కంప్యూటరు ఆమె ముందుకు జరిపాడు. ఆమె మెయిలూ, పాస్‌వర్డుగా కూతురి పుట్టినరోజూ కొట్టింది. ఒకటే మెయిల్ కింద రెండు వస్తువులు కనిపించాయి. ఒకటి ఈ ట్యాబ్. రెండోది అతని ఫోను, దానికి అతను పెట్టుకున్న పేరు యజమాని. దాని మీద నొక్కింది. మ్యాపు నెమ్మదిగా పరుచుకుంది. వేరే ఊరు కనిపిస్తుందనీ, ఎంత దూరమో చూసి గుండె దిటవు చేసుకోవచ్చనీ ఆశపడింది. మ్యాపులో కనిపించింది ఈ ఊరే. అతని ఫోనును చూపించే చుక్క ఉన్నది లాండ్రీ వీధిలో.

చిలక అక్కడే ఉంది.

మీటల ఫోను తీసి పెద్దక్కకు కొట్టింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. రోలరు నడుస్తుంటే పక్క మనిషి మాటే వినపడదు, ఫోనేం వినపడుతుంది. మళ్ళీ కొట్టింది. పరిగెత్తి వెళ్దామంటే ఎంత పరిగెత్తినా అందుకోలేనంత దూరం. మూడోసారికి పెద్దక్క ఎత్తింది.

"నీకోసమే చూస్తున్నా. మీ తమ్ముడొచ్చాడే! ఆఫీసు గదిలో కూర్చోబెట్టారు. ఎంత మర్యాదస్తుడో, అక్క పిల్లను ఒకసారి చూసి పోతానంటున్నాడు. పంపమంటావా?"

"నాకు తమ్ముడు లేడక్కా."

"ఏమన్నావే?" అంది పెద్దక్క రోలరు చప్పుడు మధ్య.

"వచ్చింది ఆయనేనక్కా. చిలకను పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటా, పంపకు."

"అయ్యో, నా మాట మండా! నవ్వానే నేను," అంది పెద్దక్క. తర్వాత గొంతు మారింది. "పిల్ల మడతల గదిలోనే ఉంది. వెనకవైపు వ్యానులోకి సరుకు ఎక్కిస్తున్నారు. అందులో ఎక్కించుకుని నేనూ ఎక్కుతా. పెట్రోలు బంకు పక్కన నీకోసం ఆగుతాం. కానీ ఆఫీసు కిటికీ ఆ వెనక వాకిలివైపే కదా ఉంది. వాడు కుర్చీలోంచి లేస్తే తప్ప ఎలా?"

ఆమె మ్యాపు వంక చూసింది. చుక్క కదలడం లేదు. ట్యాబ్‌కి నెట్ తీసేశారు కాబట్టి అతను అది చివరిసారి కనిపించిన చోటే పట్టుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ ట్యాబ్ ఆరితే భయం, వెలిగితే భయం. ఇప్పుడది వెలక్కపోతే కూతురు దక్కదు.

"అన్నా, దీనికి నెట్ పెట్టండి. మామూలుగా తెరవండి."

"తెలిసే అంటున్నారా? తెరిచిన మరుక్షణం ఈ షాపు కనపడుతుంది ఆయనకి."

"కనపడాలి. ఇక్కడికే రావాలి. ఆరిపోతే మళ్ళీ వెలిగించండి, మీకు పుణ్యముంటుంది."

డాక్టరు నెట్ పెట్టి మామూలుగా తెరిచాడు. ట్యాబ్ ఆరి, వెలిగి, టింగుమంది. ఇద్దరూ కంప్యూటరు ముందు నిలబడ్డారు. చుక్క అక్కడే ఉంది. ట్యాబ్ మళ్ళీ ఆరింది. డాక్టరు తిట్టుకుంటూ మీట నొక్కిపట్టాడు. వెలిగింది. చుక్క కొంచెం జరిగింది. లాండ్రీ గేటు దాటింది. పెద్ద రోడ్డెక్కి ఇటు తిరిగింది.

"లేచాడక్కా!" అని ఫోనులో అరిచి, షాపు వెనక తలుపులోంచి బయటపడింది. ఇక ఆమె చేతిలో మ్యాపు లేదు. అతను ఏ వీధిలో ఉన్నాడో, ఏ మలుపులో ఎదురవుతాడో తెలియదు. అతను ఎప్పుడూ వేసే నీలం చొక్కాలాంటిది కనపడితే గోడకు నక్కింది. బండి ఆగిన చప్పుడైతే కళ్ళు మూసుకుంది. పెట్రోలు బంకు పక్కన లాండ్రీ వ్యాను కనిపించేదాకా ఆమెకు ఊపిరి పీల్చుకున్న గుర్తే లేదు.

వెనక తలుపు తెరిచి పెద్దక్క చెయ్యి అందించింది. లోపల దుప్పట్ల మూటల మధ్య చిలక ముడుచుకుని కూర్చుని ఉంది. తల్లి దాన్ని వాటేసుకుని, తల తడిమి, చేతులు తడిమి, మళ్ళీ తల తడిమింది. వ్యాను కదిలింది. హోటలు దగ్గర సరుకు దింపి, అక్కణ్ణుంచి రైల్వేస్టేషనులో వదిలేస్తానన్నాడు డ్రైవరు. గదిలో ఉన్న బట్టలూ గిన్నెలూ తర్వాత చూసుకోవచ్చని పెద్దక్క కళ్ళు తుడుచుకుంది.

"తాతయ్య వాళ్ళ ఊరు చూసొద్దాం బంగారం," అంది తల్లి, నవ్వు ముఖం పెట్టి. చిలక ఏమీ అనలేదు.

అప్పుడు ఫోను మోగింది. డాక్టరు. చుట్టూ వ్యాను రొద, అందుకని గొంతు పెద్దగా వినిపించే మీట నొక్కి ఎత్తింది.

"వచ్చాడమ్మా," అన్నాడు డాక్టరు గుసగుసగా. "ట్యాబ్ అడుగుతున్నాడు. ఇవ్వనా?"

"ఇచ్చేయండి," అంటూ ఉండగానే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. "ఏమండీ, మా ఆవిడేనా లైన్లో? ఒక్కసారి ఇస్తారా? పాపం, ఎండలో తిరిగి అలిసిపోయి ఉంటుంది. నేనొచ్చి తీసుకెళ్తానని చెప్పండి."

ఆ గొంతు ఎంతో మెత్తగా ఉంది. అతను అరిచే మనిషి కాడు. గొంతు ఎంత మెత్తబడితే దెబ్బ అంత దగ్గర్లో ఉన్నట్టు. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది తనొక్కదానికేననీ, పక్క గదిలో పిల్ల నిద్రపోయేదనీ ఆమె నమ్మింది. ఇప్పుడు ఆ గొంతు వింటుంటే వేళ్ళు కొయ్యబారిపోయాయి, ఫోను కట్టేయడం కూడా చేతకాలేదు.

చిలక చెయ్యి చాచి, తల్లి చేతిలోని ఫోనుకున్న ఎర్ర మీట గట్టిగా నొక్కింది. మాట ఆగిపోయాక కూడా వేలు తీయలేదు.

"మెల్లిగా మాట్లాడుతున్నాడమ్మా," అంది. "మనం దిగొద్దు."