జానెడు వెనుకకు జరిగిన గోడ

గ్రీష్మాంతమున నైరృతిమేఘములింకను దిగంతరేఖను దాటని యొకానొక సాయంసమయమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన సైకతతీరముమీదుగా వీచు ఉప్పుగాలికి సరుగుడుతోపులన్నియు ఏకస్వరమున నిట్టూర్చుచుండ, భీమునిపట్నమున కుత్తరముగా సముద్రాభిముఖమై వెలసిన యొక సంలీనశక్తి పరిశోధనాలయమున గాలి చొరరాని గదిలో హైమవతి తలవంచుకొని కూర్చుండియుండెను. ఆమె యచ్చట ప్లాస్మారూపకల్పనకు అధ్యక్షురాలు. ఆ దినమున దోషియు నామెయే. ఈ రెండవ సంగతి ఆమెకు దప్ప అన్యులకు దెలియదు.

సూర్యగర్భమునందలి యగ్నిని భూమికి దెచ్చి విద్యుత్తు పుట్టింపనెంచినవారికి దానిని పట్టియుంచగల పాత్ర ఏ లోహముతోను కుదరదు గనుక వారు అయస్కాంతబలములతోనే పాత్రను కల్పించుకొందురు. ఆ సంస్థవారు కల్పించినది గోళాకార టోకమాక్ అను అట్టి అయస్కాంతపాత్ర. గారెను బొద్దుగా ఉబ్బించి నడిమి చిల్లును సన్నముగ మిగిల్చినట్లుండును. అందు జ్వలించు ప్లాస్మా, అనగా అతితప్తమైన విద్యున్మయవాయువు, ఎంత నిలువుగా సాగిన అంత శక్తినిచ్చును, అంత సులభముగ పైకో క్రిందికో జారిపోవును. సాగదీయుట హైమవతి పని. జారనీయక విద్యుత్తు పారు తీగచుట్టలతో నిలిపి పట్టుట ఆమె సహోద్యోగి ఇస్మాయిల్ పని. చుట్టునున్న లోహపుగోడ ప్లాస్మాను తాకకయే దాని జారుపాటును నెమ్మదింపజేయును గనుక అది ఎంత చేరువనుండిన ఆయనకు అంత ఊతము.

ఒక మేరకు మించి ప్లాస్మా ఎత్తు పెంచిన నిలుపజాలనని ఇస్మాయిల్ మొదటనే చెప్పియుండెను. హైమవతియు సమ్మతించెను. పిదప ప్లాస్మాకును గోడకును నడుమ ఇంధనమును పుట్టించు పొరకు చోటు చాలకపోగా ఆమె గోడను జానెడు వెనుకకు జరిపెను. జరిపిన పటము నిర్మాణశాఖకు పోయెను గాని ఇస్మాయిల్ గణనములయందు పాతగోడయే నిలిచియుండెను. చెప్పినయెడల ఎత్తు తగ్గింపుమని ఆయన యడుగును. తగ్గించినయెడల విద్వత్సభలయందు తనకు కరతాళధ్వనులు సంపాదించిపెట్టిన ఆ సుదీర్ఘసుందరాకృతి పొట్టిదగును. లెక్కించి చూడగా ఎట్లో నెట్టుకొని రావచ్చునని తోచెను. అబద్ధమాడలేదు గదా యని మనస్సును ఊరడించుకొని ఆమె మిన్నకుండెను. చదువుకొన్నవారు తమ్ము దాము మోసగించుకొనుటకు ఇంతకంటె సుళువైన మార్గము లేదు.

ఆ యుదయమున నమూనాయంత్రమును వెలిగించిరి. క్షణకాలము అంతయు శోభాయమానముగ నుండెను. అంతట ప్లాస్మా క్రిందికి జారి అడుగుపలకలను కరగించి నడిమిస్తంభమును బీటలువార్చి ఆరిపోయెను. ఎవ్వరికిని గాయము కాలేదు. సంచాలకుడు వామనరావు తీగచుట్టల లోపమే కారణమని తలచి ఇస్మాయిల్‌ను ఆ పనినుండి తొలగింప నిశ్చయించెను. మరునాటి సభలో ఆ మాట వెలువడవలసియుండెను. హైమవతి విని తన గదికి వచ్చి తలుపు వేసికొనెను.

అట్లామె కూర్చుండియుండగా తలుపు త్రోసికొని ఇస్మాయిలే లోనికి వచ్చెను. ఆయన తలనెరసిన మితభాషి. కుర్చీ చూపినను కూర్చుండలేదు.

“అమ్మా, మీరు నిలబెట్టినదానిని నేను పడవేసితిని. ఎక్కడ తప్పితినో ఎంత వెదకినను చిక్కుటలేదు. మీకు మొగము చూపుటకు సిగ్గగుచున్నది. క్షమింపుడు.”

ఆయన దూషించియుండిన ఆమె ఓర్చుకొనియుండెడిది. ఆ క్షమాప్రార్థనను మాత్రము ఓర్వలేక ఆమె తలయెత్తెను.

“తప్పు మీది కాదు, ఇస్మాయిల్‌గారూ. గోడను నేను వెనుకకు జరిపితిని. ఎత్తు తగ్గింపుమందురను భయముచే మీతో చెప్పలేదు. వామనరావుగారికి ఇప్పుడే పోయి చెప్పెదను.”

“ఎంత జరిపితిరి?”

“జానెడు.”

ఆయన కోపింపలేదు. బల్లమీది కాగితమొకదానిని ముందునకు లాగికొని గోడను గీసి, దానికి లోపలివైపున మీదనొకటి క్రిందనొకటి చిన్న సున్నలు చుట్టి, కాగితమును ఆమెవైపునకు త్రిప్పెను.

“ఎత్తు తగ్గింప నక్కరలేదమ్మా. రెండు తీగచుట్టలను గోడకు లోపల, ప్లాస్మాకు చేరువగా నమర్చిన సరిపోయెడిది. గోడ మీ యిష్టమువచ్చిన చోటనే యుండెడిది. నన్నొక్కమాట అడిగియుండవలసినది.”

ఇంతియే పలికి ఆయన వెడలిపోయెను. హైమవతి లేచి సంచాలకుని గదివైపు నడచెను. అచ్చట లభింపబోవు దండనను గూర్చి ఆమెకు చింత లేకుండెను. అడిగినచో సంతోషముగ నిచ్చియుండెడివాని యింట దొంగతనము చేసితినను ఎరుక మాత్రము అడుగడుగునను ఆమె వెంట నడచుచుండెను.