వణకని గీత

శేషగిరిరావు గుడ్డసంచిలోంచి మౌస్ తీసి, తీగ చిక్కు విప్పి కంప్యూటర్ వెనక గుచ్చాడు. సెంటర్ వాళ్ల మౌస్‌ని పక్కకి జరిపాడు. ఏలూరు పవర్‌పేటలో ఫణీంద్ర నడిపే ఈ డ్రాయింగ్ సెంటర్‌లో ఆయన పదహారేళ్లుగా ప్లాన్లు గీస్తున్నాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గీశాడు. మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, చెవి మీద పెన్సిల్. ఇప్పుడు పెన్సిల్‌తో పనేమీ లేదు, అయినా అది అక్కడ ఉండాల్సిందే. కుడిచెయ్యి మాత్రం రెండేళ్లుగా వణుకుతోంది. ఆడలేక మద్దెల ఓడు అంటారని, గీతలు వంకర్లు పోతున్నా పాత మౌస్‌ని ఆయన ఒక్కమాట అనలేదు.

ఈ కొత్తది, పిల్లలు కంప్యూటర్లో తుపాకులు కాల్చుకునే ఆటలకని చేసింది. తాడేపల్లిగూడెంలో కొంటుంటే షాపతను, "మనవడికాండీ?" అన్నాడు.

"నాకేనండీ."

దాని సాఫ్ట్‌వేర్‌తో మూడు ఆదివారాలు కుస్తీ పట్టాడు. ముందు గిర్రున తిరిగే రంగు దీపాలు ఆర్పేశాడు. పెళ్లిపందిరా ఏమన్నానా! వేలు వణికి రెండుసార్లు నొక్కితే రెండోది లెక్కలోకి రాకుండా చేశాడు. బొటనవేలి దగ్గరున్న మీటకి అసలు పని అప్పగించాడు. అది నొక్కి పట్టుకున్నంతసేపూ చెయ్యి బెత్తెడు కదిలినా తెర మీద బాణం గుర్తు వెంట్రుకవాసే కదులుతుంది. ఆటలో గురి చూసి కాల్చడానికట! వేలు జారకుండా ఆ మీట మీద సైకిల్ ట్యూబు ముక్క అతికించాడు. మర్నాడు తను గీసిన గీత చూసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పదకొండింటికి వీరాస్వామి వచ్చాడు. అతనికి కలిదిండి అవతల చేపల చెరువులున్నాయి. కొల్లేటికి ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున పోయే గీత, హద్దు. ఆ గీత లోపల చెరువు తవ్వకూడదు. సర్వేవాళ్లిచ్చిన అంకెల ప్రకారం గీస్తే ఆ గీత అతని కొత్త చెరువు నడిమధ్య నుంచి పోతోంది.

"గీతని కాస్త కొల్లేటివైపు జరపండి మాస్టారూ. మా గట్టు దాటిస్తే చాలండి."

"అంకెలు అలా లేవండి."

"అంకెలు ఎవరు చూస్తారండీ? ఎవరైనా అడిగితే పెద్దాయన చెయ్యి వణికిందని చెబుదాం. అందరికీ తెలిసిందేగా."

ఫణీంద్ర తల ఎత్తలేదు. "కానిచ్చెయ్యండి మాస్టారూ," అన్నాడు మెల్లగా.

శేషగిరిరావుకి ఒళ్లు మండింది. ఈ వణుకుతో అన్నం కలుపుకోలేక అవస్థ పడ్డాడు, కాఫీ ఒంటిమీద ఒలకబోసుకున్నాడు. అదంతా తన బాధ, తను పడుతున్నాడు. దాన్ని ఇంకొకడు వచ్చి తన దొంగతనానికి గొడుగుగా పట్టమంటాడా?

"తవ్వింది మీరూ, వణికింది నా చెయ్యాండీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. అండీ అనడం మానలేదు.

తెర వైపు తిరిగి బొటనవేలితో మీట నొక్కి పట్టాడు. ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకి గీత లాగడం మొదలుపెట్టాడు. మొత్తం ఇరవై ఏడు బిందువులు. చెయ్యి వణుకుతూనే ఉంది, ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. గీత వణకలేదు. చెరువుని రెండుగా కోసుకుంటూ అవతలికి వెళ్లింది. ప్రింటు తీసి, మూలన "గీసినవారు" అన్నచోట సంతకం పెట్టాడు. సంతకం వంకర్లు పోయింది. దానికి మౌస్ లేదు కదా.

వీరాస్వామి కుర్చీ వెనక్కి తన్ని లేచాడు.

"రేపట్నుంచి రాకండి మాస్టారూ," అన్నాడు ఫణీంద్ర, బల్ల వైపు చూస్తూ.

"అలాగేనండి."

శేషగిరిరావు గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఫణీంద్ర పిలిచాడు.

"మీ మౌస్ మరిచిపోయారు."

"మరిచిపోలేదండి. నా చెయ్యి వణికిందని ఎవరితోనైనా చెప్పాలనుకుంటే, ముందు దాంతో ఒక్క వంకర గీత గీసి చూడండి."

మెట్లు దిగి ఎండలోకి వెళ్లిపోయాడు.

"మీరు జరపండి," అన్నాడు వీరాస్వామి. ఫణీంద్ర ఆ కుర్చీలో కూర్చుని మౌస్ మీద చెయ్యి వేశాడు. కాసేపటికి తీసేశాడు. ట్యూబు ముక్క మీద, రోజూ బొటనవేలు ఆనినచోట, చిన్న గుంట పడి ఉంది.